మూడు రోజుల శిక్షణ, క్యాజువాలిటీలో ఏడాదిన్నర: బి.ఎల్.ఎస్., ఏ.సి.ఎల్.ఎస్. కోర్సులపై ఒక స్టాఫ్ నర్సు సమీక్ష

ఎమర్జెన్సీ విభాగంలో నర్సు ఉద్యోగానికి వెళ్లినప్పుడు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూసిన వెంటనే అడిగే కాగితాలు ఈ రోజుల్లో బి.ఎల్.ఎస్., ఏ.సి.ఎల్.ఎస్. కార్డులే. బేసిక్ లైఫ్ సపోర్ట్, అడ్వాన్స్‌డ్ కార్డియోవాస్కులర్ లైఫ్ సపోర్ట్ అనే ఈ రెండు కోర్సులనూ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రూపొందించింది. దాని అనుమతి పొందిన శిక్షణ కేంద్రాలు మన నగరాల్లో వాటిని నిర్వహిస్తున్నాయి. నేను 2023 ఆగస్టులో హైదరాబాద్‌లోని అటువంటి ఒక కేంద్రంలో వరుసగా మూడు రోజులు కూర్చుని రెండింటినీ పూర్తి చేశాను. ఫీజు రెండింటికీ కలిపి 12,500 రూపాయలయింది. బస్సు ఛార్జీలు, మూడు రాత్రుల హాస్టల్ అద్దె, జీతం లేని సెలవులు కలుపుకుంటే అప్పటి నా ఒక నెల జీతం దాదాపుగా దానికే పోయింది. అందుచేత ఇది నాకు చిన్న కొనుగోలు కాదు, ఈ సమీక్షను కూడా ఆ దృష్టితోనే రాస్తున్నాను.

కోర్సు ముగిసిన సాయంత్రమే కేంద్రంవారు ఫోన్ చేతికిచ్చి అభిప్రాయం రాయమన్నారు, నేను కూడా అందరిలాగే ఐదు నక్షత్రాలు పెట్టి వచ్చాను. ఆ రోజు నాకు తెలిసినదల్లా పరీక్ష పాసయ్యానన్న సంగతి మాత్రమే. నేర్చుకున్నదానిలో చేతికి ఎంత అబ్బింది, ఎంత కాగితం మీదే మిగిలింది అన్నది క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసిన తర్వాతే తేలింది. ఇప్పుడు మార్కులు వేయమంటే కోర్సుకు ఐదులో నాలుగు, నేను వెళ్లిన కేంద్రానికి రెండున్నర వేస్తాను. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే డబ్బు కట్టేవారికి ప్రయోజనం ఉండదు.

ముందుగా నేను ఏ స్థితిలో అక్కడికి వెళ్లానో చెప్పాలి. నేను పాత సిలబస్‌లో నాలుగేళ్ల బి.ఎస్‌సి. నర్సింగ్ చదివాను. ఎమర్జెన్సీ పోస్టింగ్ ఉన్నది కొద్ది వారాలే. ఆ వారాల్లో నేను చేసిన పని రిజిస్టర్ రాయడం, సెలైన్ స్టాండు జరపడం, కేసు రాగానే గోడకు ఆనుకుని దారివ్వడం. సి.పి.ఆర్. (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ప్రక్రియ) గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాశాను, రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేశాను, ల్యాబులో అరవై మందికి ఉన్న ఒకే ఒక సగం మనిషి బొమ్మ మీద నా వంతుగా బహుశా పదిసార్లు నొక్కి ఉంటాను. 2021-22 నుంచి వచ్చిన సెమిస్టర్ పద్ధతి సిలబస్‌లో ప్రాణరక్షణ శిక్షణను తప్పనిసరి మాడ్యూల్‌గా చేర్చారు కనుక మా తర్వాతివారి పరిస్థితి మెరుగవ్వాలి. నేను మాత్రం రెండేళ్లు జనరల్ వార్డులో చేసి, ఎమర్జెన్సీకి మారతావా అని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ అడిగినప్పుడు పైకి సరేనని, లోపల వణుకుతూ ఈ కోర్సుకు పేరు నమోదు చేసుకున్నాను.

మొదటి రోజు బి.ఎల్.ఎస్. ఇందులో నేర్పే విషయం చూడటానికి చాలా చిన్నది. మనిషి స్పందించడం లేదని గుర్తించడం, సహాయం కోసం పిలవడం, మెడ దగ్గర నాడిని ఐదు నుంచి పది సెకన్ల లోపు చూసి తేల్చుకోవడం, నాడి లేకపోతే రొమ్ము ఎముక కింది సగంపై నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు, 6కు మించకుండా నొక్కడం, ముప్పై నొక్కుళ్లకు రెండు శ్వాసలు ఇవ్వడం. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయితే వారి బొమ్మ లోపల నొక్కుడు లోతునూ వేగాన్నీ కొలిచి లైట్ల రూపంలో చూపే పరికరం ఉంది; పెద్దల సి.పి.ఆర్. నేర్పే కోర్సులన్నింటిలో ఇటువంటి పరికరం ఉండాలని అసోసియేషన్ 2019 నుంచి నియమం పెట్టింది. నేను బాగా చేస్తున్నానని అనుకుంటూ నొక్కుతుంటే ఆకుపచ్చ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. లోతు చాలలేదు, పైగా నొక్కిన తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వకుండా చేతుల బరువును దాని మీదే వదిలేస్తున్నాను. ఛాతీ పూర్తిగా లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదని నేనే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చదివినదానికీ చేతికి వచ్చినదానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ లైటు చూపినంత స్పష్టంగా నాలుగేళ్లలో ఎవరూ చూపలేదు.

లెక్కపెట్టే విషయంలో ఒక చిత్రమైన ఇబ్బంది ఎదురైంది, తెలుగులో లెక్కపెట్టేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఒకటి నుంచి పది వరకు నోటి లెక్క చేతి వేగంతో సరిగ్గా నడుస్తుంది. ఇరవై దాటగానే ‘ఇరవై మూడు’, ‘ఇరవై నాలుగు’, ‘ఇరవై ఐదు’ అంటూ ఒక్కో అంకె పలకడానికే రెట్టింపు సమయం పడుతుంది, నోటితో పాటు చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. మా బ్యాచ్‌లో తెలుగులో లెక్కపెట్టిన నలుగురికీ చివరి పది నొక్కుళ్లలో వేగం 100 కంటే కిందికి పడిపోయింది. శిక్షకుడు తమిళుడు కనుక ఆయనకు కారణం అర్థం కాలేదు. మేమే గ్రహించి, ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఈ రోజుకూ నేను అలాగే లెక్కపెడతాను, మా వార్డు బాయ్‌లకూ అలాగే నేర్పాను.

రెండో ఇబ్బంది ఎత్తుకు సంబంధించినది. అక్కడ బొమ్మను నేల మీద పెట్టి మోకాళ్లపై కూర్చోబెట్టి నేర్పారు, కానీ క్యాజువాలిటీలో రోగి నేల మీద ఉండడు. ఎత్తైన మంచం మీద, మెత్తని పరుపు మీద ఉంటాడు. మనం నొక్కినదానిలో కొంత భాగాన్ని పరుపే మింగేస్తుంది. ఐదడుగుల ఎత్తున్న నాలాంటివారు కాళ్ల కింద స్టూలు లేకుండా, రోగి వీపు కింద గట్టి పలక లేకుండా 5 సెంటీమీటర్ల లోతు తేవడం దాదాపు అసాధ్యం. స్టూలు ఎక్కడుందో డ్యూటీలోకి రాగానే చూసుకోవాలని కోర్సులో ఎవరూ చెప్పలేదు, మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ చెప్పారు.

పసిపిల్లల భాగాన్ని తొందరగా ముగించారు. కాపాడేవారు ఇద్దరు ఉన్నప్పుడు పదిహేను నొక్కుళ్లకు రెండు శ్వాసల నిష్పత్తి, రెండు బొటనవేళ్లతో ఛాతీని చుట్టి నొక్కే పద్ధతి, గొంతులో ఏదైనా అడ్డుపడినప్పుడు ఏడాదిలోపు బిడ్డకు వీపుపై ఐదు చరుపులు, ఛాతీపై ఐదు నొక్కుళ్లు: ఇవన్నీ ఒక్క గంటలో అయిపోయాయి. పిల్లల ఎమర్జెన్సీలో చేరేవారు వేరుగా పి.ఏ.ఎల్.ఎస్. (పిల్లల అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్) చేయాలి, దానికి ఫీజు మళ్లీ వేరు.

ఇక తరువాతి రెండు రోజుల ఏ.సి.ఎల్.ఎస్. విషయానికి వస్తే, దీనికి సిద్ధం కాకుండా వెళ్లేవారికి డబ్బు వృథా అనే చెప్పాలి. వెళ్లే ముందే ఆన్‌లైన్‌లో స్వీయపరీక్ష రాసి కనీసం 70 శాతం తెచ్చుకోవాలి, అందులో ఈ.సి.జి. లయలను గుర్తించడం, మందుల పరిజ్ఞానం, సందర్భానికి తగిన నిర్ణయాలు అనే మూడు భాగాలుంటాయి. నేను మూడుసార్లు రాశాను. వార్డులో ఈ.సి.జి. తీయడం నా పని, చదవడం డాక్టర్‌గారి పని అన్న అలవాటులో ఉన్న నాకు, గుండె అతివేగంగా కొట్టుకునే రెండు లయలైన వెంట్రిక్యులర్ టాకికార్డియాకూ సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియాకూ తేడా చెప్పమంటే చెమటలు పట్టాయి. ఇరవై రోజుల పాటు రోజూ ఒక గంట కేటాయించి చదివాను. నా దృష్టిలో ఈ కోర్సు ఇచ్చే విలువలో మూడో వంతు ఆ ఇరవై రోజులదే. ఈ స్వీయపరీక్ష జవాబులను వాట్సాప్‌లో పంచుకుని వచ్చినవారు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. తెర మీద గీతలు మొదలైనప్పుడు వారి ముఖాలు చూస్తే జాలేసింది.

బ్యాచ్‌లో ఇరవై నాలుగు మంది ఉన్నాం. గల్ఫ్ ఉద్యోగాలకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్న నర్సులు, కొందరు హౌస్‌సర్జన్లు, ఇద్దరు అనస్థీషియా టెక్నీషియన్లు, 108లో పనిచేసిన ఒక ఈ.ఎం.టి. (అంబులెన్సులో రోగిని చూసుకునే టెక్నీషియన్). అందరిలోకీ చేతి నైపుణ్యం ఎక్కువ ఉన్నది ఆ ఈ.ఎం.టి.కే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇన్నేళ్లలో కదులుతున్న బండిలో సిరలోకి క్యాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టగలిగిన ఒక తరాన్ని తయారుచేసింది. మేము నాలుగు గోడల మధ్య, లైట్ల వెలుగులో, రెండుసార్లు గుచ్చి కూడా సిర దొరకలేదని డాక్టర్ని పిలుస్తాం.

ఏ.సి.ఎల్.ఎస్. అసలు సారం మెగాకోడ్ అనే అభ్యాసంలో ఉంది. ఆరుగురిని ఒక జట్టుగా చేసి, బొమ్మ రూపంలో ఒక రోగిని ఇచ్చి, మానిటర్‌పై లయను మారుస్తూ పోతారు. ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు అంబు బ్యాగ్‌తో శ్వాస ఇవ్వాలి, ఒకరు గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ దగ్గర ఉండాలి, ఒకరు మందులు ఇవ్వాలి, ఒకరు గడియారం చూస్తూ అన్నీ రాయాలి, ఆరో వ్యక్తి నాయకత్వం వహించాలి. షాక్ ఇవ్వదగిన లయ అయితే ఛార్జ్ అవుతున్నంతసేపూ నొక్కుతూనే ఉండి, అందరూ దూరంగా ఉన్నారని చూసుకుని షాక్ ఇచ్చి, నాడి వెతుకుతూ నిలబడకుండా వెంటనే మళ్లీ రెండు నిమిషాలు నొక్కాలి. అడ్రినలిన్ 1 మి.గ్రా. ప్రతి మూడు నుంచి ఐదు నిమిషాలకు, షాకులకు లొంగని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌కు (గుండె కొట్టుకోకుండా అదురుతూ ఉండే లయకు) అమియోడరోన్ మొదట 300, అవసరమైతే తర్వాత 150 మి.గ్రా. లయ సరళరేఖగా ఉంటే షాక్ పనికిరాదు. అప్పుడు అడ్రినలిన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది, పక్కనే కారణం కోసం వెతకాలి. సినిమాల్లో సరళరేఖ కనిపించగానే ప్యాడిల్స్ రుద్దే డాక్టర్లను చూసి పెరిగిన మాకు ఈ ఒక్క విషయం తలకెక్కడానికి ఒక పూట పట్టింది.

మా జట్టులో నాయకత్వం ముందుగా నాకే వచ్చింది. నా పక్కన మందుల దగ్గర ఒక హౌస్‌సర్జన్ ఉన్నారు. నేను అలవాటు కొద్దీ, ‘సార్, అడ్రినలిన్ ఇద్దామా?’ అని ఆయనను అడిగాను. శిక్షకుడు అభ్యాసం ఆపించి, ‘ఇక్కడ సార్ ఎవరూ లేరు సిస్టర్, నాయకురాలు మీరు. అడగకండి, చెప్పండి. ఆయన తిరిగి మీకు చెప్పాలి’ అన్నారు. రెండోసారి, ‘అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఐ.వి. ఇవ్వండి’ అన్నాను. ‘అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఐ.వి. ఇచ్చాను’ అని ఆయన జవాబిచ్చారు. చెప్పినదాన్ని విన్నవారు తిరిగి పలకడం, చేసిన తర్వాత చేశానని చెప్పడం అనే ఈ చిన్న పద్ధతి వల్ల మందు ఇచ్చారో లేదో తెలియని గందరగోళం ఉండదు. నా వరకు దాని ప్రభావం ఇంకా ఎక్కువ. డాక్టర్‌కు ఎదురుగా నిలబడి స్పష్టమైన వాక్యం పలకవచ్చునని ఒక నర్సుకు ఎవరైనా అధికారికంగా నేర్పించడం నా చదువు మొత్తంలో అదే మొదటిసారి. 12,500లో పదివేలు ఆ పది నిమిషాలకే చెల్లించానని అనుకుంటాను.

ఇక్కడితో ఆపితే ఇది మెచ్చుకోలు అవుతుంది. కేంద్రం గురించిన ఫిర్యాదులు కూడా ఉన్నాయి. కోర్సు నిబంధనల ప్రకారం ఒక బొమ్మకు ముగ్గురికి మించకుండా ఉండాలి. మొదటి రోజు ఉదయం అలాగే ఉంది. మధ్యాహ్నం రెండు బొమ్మలను పక్క గదిలో జరుగుతున్న మరో బ్యాచ్‌కు తీసుకుపోయారు, అప్పటి నుంచి నలుగురికి ఒక బొమ్మ మిగిలింది. మూడో రోజు మధ్యాహ్నం పరీక్షల వేళ తొందర మరీ ఎక్కువైంది. మెగాకోడ్ పరీక్షలో ఒకరు తడబడుతుంటే శిక్షకుడే కళ్లతో డిఫిబ్రిలేటర్ వైపు సైగ చేయడం నేను చూశాను. రాతపరీక్షలో 84 శాతం రావాలి. వచ్చినవారికి వచ్చింది, రానివారిని పక్కకు తీసుకెళ్లి ఏదో ‘మళ్లీ చదివించి’ పది నిమిషాల్లో పాస్ చేయించి పంపారు. ఇరవై నాలుగు మందిలో ఒక్కరూ తప్పలేదు. అలా కార్డు తీసుకున్నవారు రేపు నా పక్కన కోడ్‌లో, అంటే గుండె ఆగిన రోగికి చేసే అత్యవసర చికిత్సలో, నిలబడతారన్న ఆలోచన నాకు నిద్ర పట్టనివ్వలేదు. ప్రొవైడర్ మాన్యువల్ (కోర్సు పుస్తకం) ఒక్కొక్కరికి సొంతంగా ఉండాలని నియమం. మాకు మాత్రం ఇచ్చినట్టు సంతకం తీసుకుని, సాయంత్రం తిరిగి వసూలు చేసుకున్నారు. భోజనం బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. వీడియోలన్నీ అమెరికన్ ఇంగ్లిషులో ఉంటాయి. పాత్రలు పొడిగా, వేగంగా మాట్లాడతాయి. ఇంగ్లిషు మీడియంలో నర్సింగ్ చదివినా వినికిడి అలవాటు లేని జిల్లా పిల్లలకు మొదటి పూటంతా ఆ యాసతోనే సరిపోతుంది. విరామంలో ఈ.ఎం.టి. మాకు తెలుగులో మళ్లీ చెప్పిన పది వాక్యాలు గంటన్నర వీడియో కంటే ఎక్కువ పని చేశాయి. హైదరాబాద్‌లో తెలుగు శిక్షకులు లేకపోలేదు. కనుక చేరే ముందు శిక్షకుడు ఏ భాషలో వివరిస్తారని అడగడం తప్పు కాదు.

అన్నింటికన్నా పెద్ద సమస్య మాత్రం ఏ కేంద్రం తప్పూ కాదు. కోర్సులో కనిపించే ఆసుపత్రి వేరు, మన ఆసుపత్రి వేరు. వీడియోలో అడ్రినలిన్ 10 మి.లీ. సిరంజిలో ముందే నింపి ఉంటుంది, మూత తీసి ఎక్కిస్తారు. మన దగ్గర 1 మి.లీ. గాజు ఆంప్యూల్ వస్తుంది; దాన్ని పగలగొట్టి, సిరంజిలోకి లాగి, ఎక్కించి, వెనుకనే 20 మి.లీ. సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. అమియోడరోన్ ఆంప్యూల్‌లో 150 మి.గ్రా. ఉంటుంది కనుక మొదటి మోతాదుకు రెండు పగలగొట్టాలి. గుండె వేగం ప్రమాదకరంగా తగ్గినప్పుడు కోర్సు చెప్పే అట్రోపిన్ మోతాదు 1 మి.గ్రా.; మన అల్మారాలోని ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మి.గ్రా. అంటే ఒకటి పూర్తిగా, రెండోదానిలో మూడింట రెండు వంతులు తీసుకోవాలి. తీరికగా చదువుతుంటే ఇది ఐదో తరగతి లెక్క. రాత్రి రెండు గంటలకు, రోగి బంధువులు తలుపు దగ్గర ఏడుస్తుంటే, చేతికి గాజు గుచ్చుకున్నప్పుడు అది లెక్కలా ఉండదు. శిక్షణలో వట్టి సిరంజి చూపించి ‘మందు ఇచ్చాం’ అని పలకడం కాకుండా నిజంగా ఆంప్యూల్స్ పగలగొట్టించి గడియారం పెట్టి ఉంటే మా అందరికీ ఎంతో మేలు జరిగేది. నీళ్లు నింపిన ఆంప్యూల్స్‌కు పెద్ద ఖర్చేమీ కాదు.

గుండె ఆగడానికి సరిదిద్దగల కారణాలను ఈ కోర్సులో ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలను బట్టి ఐదు ‘హెచ్’లుగా, ఐదు ‘టీ’లుగా గుర్తుపెట్టుకోమంటారు. రక్తం, ద్రవాలు తగ్గడం, ఆక్సిజన్ అందకపోవడం, ఆమ్లత పెరగడం, పొటాషియం తేడాలు, శరీరం చల్లబడటం ఒక వరుస. ఛాతీలో గాలి చిక్కుకోవడం, గుండె చుట్టూ ద్రవం చేరడం, విషాలు, ఊపిరితిత్తుల్లో గడ్డ, గుండె రక్తనాళంలో గడ్డ ఇంకో వరుస. రెండో వరుసలో ‘టాక్సిన్స్’, అంటే విషాలు, అనే ఒక్క మాట ఉంది చూశారా, మా జిల్లా క్యాజువాలిటీలో ఎన్నో రాత్రులు ఆ ఒక్క మాటలోనే గడిచిపోతాయి. పురుగుల మందు తాగినవారిని ట్రాలీ ఆటోలో తెస్తారు; నోటి వెంట నురగ, సూదిమొన లాంటి కంటిపాపలు, గదంతా ఆ వాసన. వారికి అట్రోపిన్ ఒకటి రెండు ఆంప్యూల్స్ సరిపోవు. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేవరకు మోతాదును కొద్ది నిమిషాలకొకసారి రెట్టింపు చేస్తూ పోతారు, నర్సు డజన్ల కొద్దీ ఆంప్యూల్స్ పగలగొడుతూ పోతుంది. అదే గడ్డి మందు, అంటే పారాక్వాట్ తాగినవారైతే, కోర్సు నేర్పిన మొదటి అలవాటే ప్రమాదం: ప్రాణవాయువు బాగా పడిపోతే తప్ప అదనపు ఆక్సిజన్ పెట్టకూడదు, అది ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. పాము కరిచినవారు వస్తే రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడాలి. ప్లాస్టిక్ గొట్టంలో తీస్తే ఆ పరీక్షకు అర్థం లేదు. ఇవేవీ ఏ.సి.ఎల్.ఎస్. పుస్తకం పని కాదు, అది గుండె కోసం రాసిన పుస్తకం. నా బాధ ఆ పుస్తకం మీద కాదు. ఈ కార్డు ఉంటే ఎమర్జెన్సీ నర్సు తయారైనట్టేనని నమ్మే ఆసుపత్రుల మీద.

ఆ మిగిలిన భాగాన్ని ఎక్కడ నేర్చుకోవాలంటే, నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఒక ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఎమర్జెన్సీ, విపత్తు నర్సింగ్‌లో ఉంది; బి.ఎస్‌సి. తర్వాత క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా ఉంది. ఉద్యోగం మానుకుని ఏడాది చదవగల స్థితి అందరికీ ఉండదు కనుక నాలాంటివారికి మిగిలేది సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకోవడమే. ఖర్చు తగ్గాలనుకునేవారు ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ నడిపే శిక్షణలను కూడా చూడవచ్చు. సామాన్యులకు నొక్కుళ్లు మాత్రమే నేర్పేది ఒకటి, ఆసుపత్రి బయట చేసేది ఒకటి, ఆసుపత్రి లోపలి సమగ్ర శిక్షణ ఒకటి అని మూడు మెట్లుగా మన దేశ పరిస్థితులకు తగినట్టు వాటిని రూపొందించారు. మా సహోద్యోగి ఒకరు అది చేసి వచ్చారు, చేతిపనిలో నాకంటే ఏమాత్రం తక్కువ కాదు. విదేశీ ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం ఇప్పటికీ అమెరికన్ కార్డునే పేరు పెట్టి అడగడం చూస్తున్నాను.

కోర్సు అక్కరకొచ్చిన ఒక రాత్రి సంగతి రాసి, మిగిలిన ఆచరణ విషయాలకు వస్తాను. చేరిన నాలుగో నెలలో, యాభై దాటిన ఒకాయనను సాయంత్రం నుంచి గుండెలో మంట అని ఆటోలో తీసుకొచ్చారు. కోర్సు పుస్తకంలోని ప్రాణరక్షణ గొలుసు ఫోన్ చేయడంతో మొదలై ఆరు కొలికులుగా సాగుతుంది. మా దగ్గర మొదటి కొలికి ఎప్పుడూ ఆటోనే. ట్రాలీ మీదికి మార్చేలోపే ఆయన ఒరిగిపోయారు. నాడి చూశాను, లేదు. డ్యూటీ డాక్టర్‌గారు పై అంతస్తులో ఉన్నారు. వార్డు బాయ్‌ని స్టూలు ఎక్కించి నొక్కడం మొదలుపెట్టించి, రెండో సిస్టర్‌కు అంబు బ్యాగ్ ఇచ్చి, డిఫిబ్రిలేటర్ ప్యాడ్స్ అంటించి చూస్తే తెర మీద పిచ్చిగీతలు, వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. నేను ఛార్జ్ చేస్తుండగానే డాక్టర్‌గారు పరుగున వచ్చారు, షాక్ ఆయనే ఇచ్చారు. షాక్ అవ్వగానే అందరూ తెర వైపు చూస్తూ చేతులు ఆపేశారు. ‘ఆపొద్దు, నొక్కండి’ అని నేను అరిచిన అరుపు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత గోడ గడియారం కింద నిలబడి, ‘అడ్రినలిన్ ఇచ్చి మూడు నిమిషాలైంది సార్’ అన్నాను. ఆయన ఒకసారి చిరాగ్గా చూసి, తర్వాత మళ్లీ తనే, ‘టైమ్ ఎంతైంది సిస్టర్?’ అని అడగడం మొదలుపెట్టారు. మూడో షాక్ తర్వాత నాడి వచ్చింది. తెల్లవారేలోపు ఆయనను నగరానికి పంపించారు. అదే నెలలో అదే వరుసలో అన్నీ సక్రమంగా చేసినా నాడి రానివారు ముగ్గురున్నారు, వారి సంగతి చెప్పకుండా ఈ ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది.

వీడియోలో ప్రతి కోడ్‌లోనూ కనిపించే కాప్నోగ్రఫీ, అంటే వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడును గీతగా చూపే యంత్రం, మాకు నిరుటి వరకు లేదు. దాని అంకె ఒక్కసారిగా పెరిగితే గుండె తిరిగి కొట్టుకుంటున్నట్టు అని నేర్చుకుని వచ్చి, యంత్రమే లేనిచోట మెడ మీద వేళ్లు పెట్టి వెతుక్కోవడం మామూలైపోయింది.

ఇప్పుడు చేరబోయేవారికి నేను చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ఎంత తగ్గిస్తారని కాకుండా, బ్యాచ్‌లో ఎందరు, బొమ్మలెన్ని, ఒక్కో శిక్షకుడికి ఎందరు అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే వేరే కేంద్రం చూసుకోండి. మాన్యువల్ చేతికి ఇచ్చి మీ దగ్గరే ఉంచుతారా అన్నది కూడా అడగండి. ఒక్క రోజులో రెండు కార్డులూ ఇస్తామనేవారి జోలికి పోవద్దు, ఎందుకంటే మొదటిసారి చేసేవారికి ఏ.సి.ఎల్.ఎస్.కే రెండు రోజులు పడుతుంది. కార్డు ఈ-కార్డు రూపంలో వస్తుంది, దాని సంఖ్యను అసోసియేషన్ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. వచ్చిన రోజే చూసుకోండి, విదేశీ ఇంటర్వ్యూలో తేలడం కంటే అది నయం. వార్డులో కనీసం ఆరు నెలలు చేయకుండా, చదువు ముగిసిన వారంలోనే ఈ కోర్సుకు వెళ్లడం నా దృష్టిలో తొందరపాటు. రోగి అంతకంతకూ క్షీణించడం ఎలా ఉంటుందో కళ్లారా చూడనివారికి మెగాకోడ్ ఒక నాటకంలానే అనిపిస్తుంది.

కార్డు గడువు రెండేళ్లే కనుక నాది 2025 ఆగస్టు వరకే. పునరుద్ధరణ కోర్సు ఒక రోజులో అయిపోతుంది, ఈసారి మా బ్యాచ్ ఈ.ఎం.టి. చెప్పిన వేరే కేంద్రంలో మాట్లాడుకున్నాను. బ్యాచ్‌కు పన్నెండు మందికి మించి తీసుకోరట, ఫీజు మాత్రం వెయ్యి రూపాయలు ఎక్కువ. ఈలోగా మా ఇన్‌ఛార్జ్ సిస్టర్, నేను కలిసి ఒక తెల్లకాగితం మీద అడ్రినలిన్, అమియోడరోన్, అట్రోపిన్, అడినోసిన్ మోతాదులను మిల్లీగ్రాముల్లో కాకుండా మా అల్మారాలోని ఆంప్యూల్స్ లెక్కలో రాసి, లామినేషన్ చేయించి, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) పై అర లోపలి మూతకు అంటించాం. కొత్తగా చేరిన పిల్లలు కార్డు కంటే ముందు దాన్నే ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నారు.